‘సూపర్’ అన్నదీ, ‘స్లో’ అన్నదీ ఒకే టూల్ గురించేనా? బ్రౌజర్‌లో ఆటలు తయారుచేసే సాధనాలపై వాడుకరుల మాట

తిరుపతిలో బీటెక్ రెండో ఏడాది చదివే ఒక విద్యార్థిని కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని, ఒక్క వరుస కోడ్ కూడా రాయకుండా, బ్రౌజర్‌లోనే మూడు రోజుల్లో ఒక ఆట తయారుచేసి, ఆ టూల్‌కు ఐదు నక్షత్రాలు ఇచ్చిందనుకుందాం. అదే వారం చిత్తూరులో ఇంటర్ చదివే ఒక కుర్రవాడు నాన్న ఫోన్‌లో అదే టూల్‌ను తెరిచి, తెల్లని తెర తప్ప మరేమీ కనబడక, ‘పనిచేయడం లేదు, టైమ్ వేస్ట్’ అని రాసి ఒక్క నక్షత్రంతో సరిపెట్టాడనుకుందాం. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దశలోనే కోడింగ్ పరిచయం కావాలని చెప్పిన తర్వాత ఇటువంటి టూల్స్ కోసం వెతికే తల్లిదండ్రులూ, కంప్యూటర్ టీచర్లూ పెరిగారు. వారికి ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఎవరిని నమ్మాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇద్దరూ తాము చూసిందే చెప్పారు; తాము చూసినదానికి కారణం ఎక్కడ ఉందన్న విషయంలోనే ఇద్దరి మాటా అసంపూర్ణం. ఆ కారణాన్ని వెతకడం ఎందుకు కష్టమో ఈ వ్యాసం వివరిస్తుంది.

బొమ్మలతో ఆట కట్టడమంటే ఏమిటి

కంప్యూటర్ ఆటకు కావలసిన పనులన్నీ, అంటే బొమ్మను తెరపై గీయడం, కదపడం, రెండు బొమ్మలు తగిలాయో లేదో చూడడం, శబ్దం వినిపించడం వంటివి, ముందే రాసిపెట్టి అందించే సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. ఆ ఇంజిన్‌కు ఆదేశాలను అక్షరాలలో రాసే బదులు తెరపై ముక్కలు పేర్చి ఇచ్చే పద్ధతిని విజువల్ పద్ధతి అంటారు. ఇందులో రెండు దారులు ఎక్కువగా కనిపిస్తాయి. స్క్రాచ్, మైక్రోసాఫ్ట్ మేక్‌కోడ్ ఆర్కేడ్ వంటివి రంగురంగుల బ్లాకులను ఒకదానికొకటి తగిలించమంటాయి. కన్‌స్ట్రక్ట్ 3, జీడెవలప్ వంటివి ‘ఇది జరిగితే అది చెయ్యి’ అనే వరుసలతో ఈవెంట్ షీట్ నింపమంటాయి.

మన గుళ్ల మండపాలలో రాతి బండలపై చెక్కి కనిపించే పులి-మేక ఆటను ఉదాహరణగా తీసుకుందాం. సాధారణంగా ఆడే రూపంలో 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 కూడళ్లు ఉంటాయి. దీనికి ఈవెంట్ షీట్‌లో మొదటి వరుస ఇలా ఉంటుంది: ‘ఆటగాడు ఖాళీ కూడలిని తాకితే, చేతిలో మేకల సంఖ్య 0 కంటే ఎక్కువగా ఉంటే’ అన్నది షరతు, ‘అక్కడ మేకను ఉంచు, చేతిలోని మేకలలో 1 తగ్గించు’ అన్నది చర్య. ఆట మొత్తం ఇటువంటి వరుసల పేర్పే.

ఈ పని బ్రౌజర్‌లోకి రావడం కొత్తేమీ కాదు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టి 2007లో అందరికీ అందిన స్క్రాచ్, 2013లో వచ్చిన రెండో వెర్షన్‌తో బ్రౌజర్‌లోనే ప్రాజెక్టులు తయారుచేసే వీలు కల్పించింది. అయితే అది ఫ్లాష్ అనే, బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకోవలసిన సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. ఫ్లాష్‌కు అడోబ్ 2020 చివరితో మద్దతు ఆపేసింది. అంతకు ముందే, 2019 జనవరిలో, ఫ్లాష్ అక్కరలేని మూడో వెర్షన్‌ను స్క్రాచ్ బృందం విడుదల చేసింది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవలసిన కన్‌స్ట్రక్ట్ 2 తర్వాత 2017లో వచ్చిన కన్‌స్ట్రక్ట్ 3 పూర్తిగా బ్రౌజర్‌లోకి మారింది. జీడెవలప్ ఓపెన్‌సోర్స్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, వాడుకోవచ్చు; అది బ్రౌజర్‌లోనూ, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకొనీ నడుస్తుంది.

ఒక పేరు వెనుక నాలుగు పొరలు

వాడుకరి ‘ఈ టూల్’ అని రాసినప్పుడు ఆ మాట నాలుగు వేర్వేరు వస్తువులలో దేనినైనా సూచించవచ్చు. మనం బ్లాకులు పేర్చే తెర ఎడిటర్. పేర్చినదాన్ని చదివి ఆటగా నడిపించే భాగం రన్‌టైమ్. ఈ రెండింటినీ మోసేది బ్రౌజర్, దాని కింద ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్, దానికి వచ్చే నెట్. వీటన్నిటినీ చుట్టుకుని ఉండేది సేవ, అంటే ఖాతా, ప్రాజెక్టుల నిల్వ, ధర, నిబంధనలు.

చిత్తూరు కుర్రవాడి తెల్ల తెర ఏ పొరలోది? స్క్రాచ్ విషయంలో దీనికి స్పష్టమైన జవాబుంది: దాని ఎడిటర్‌ను కంప్యూటర్లకూ ట్యాబ్లెట్లకూ తయారుచేశారు, ఫోన్‌లో ప్రాజెక్టులను చూడవచ్చు, ఆడవచ్చు గానీ తయారుచేయడానికి అది ఉద్దేశించినది కాదు. ఇంట్లో ఫోన్ తప్ప కంప్యూటర్ లేని పిల్లవాడికి ఈ తేడా ఎవరూ చెప్పరు. కాబట్టి అతని ఫిర్యాదును ‘అవగాహన లోపం’ అని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. తయారీదారు దృష్టిలో అది తాము మద్దతు ఇవ్వని పరికరం. ఆ పిల్లవాడి దృష్టిలో అది ఉన్న ఒకే ఒక్క పరికరం.

రన్‌టైమ్ పొరను విడదీసి చూపే ఉదాహరణ కూడా స్క్రాచ్ చుట్టూనే దొరుకుతుంది. స్క్రాచ్ ప్రాజెక్టులను నడిపే టర్బోవార్ప్ అనే మరొక ఓపెన్‌సోర్స్ సాధనం, బ్లాకులను ఒక్కొక్కటిగా చదువుతూ పోకుండా ముందే బ్రౌజర్ నేరుగా నడపగల జావాస్క్రిప్ట్ భాషలోకి మార్చేస్తుంది. లెక్కలు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టు స్క్రాచ్‌లో ఈడ్చుకుంటూ నడిచి, ఏ బ్లాకూ మార్చకుండానే టర్బోవార్ప్‌లో చురుకుగా పరుగెత్తడం అందుకే. అప్పుడు ‘బ్లాకులతో చేస్తే స్లో’ అన్న విమర్శ నిలవదు. ఆ ఆలస్యం బ్లాకులను నడిపే తీరులో ఉంది.

‘స్లో’ అనే ఒక్క మాటలో ఎన్ని అర్థాలు

వాడుకరుల మాటల్లో అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది ఈ మాటే. టూల్ తెరుచుకోవడం ఆలస్యమైనా స్లో అంటారు, బ్లాకు లాగితే వెంట రాకపోయినా స్లో అంటారు, ఆటలో బొమ్మ నెమ్మదిగా నడిచినా స్లో అనే అంటారు. వీటికి ఒకదానితో ఒకటికి సంబంధం ఉండనవసరం లేదు.

తెరుచుకోవడం సంగతి ముందు చూద్దాం. ఒక టూల్ మొదటిసారి తెరిచినప్పుడు 30 మెగాబైట్లు దిగుమతి చేసుకుంటుందనీ, నెట్ వేగం సెకనుకు 20 మెగాబిట్లనీ అనుకుందాం. ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి 30 మెగాబైట్లంటే 240 మెగాబిట్లు. ఒక్కరే వాడుతుంటే 12 సెకన్లు చాలు. అదే లైన్ మీద 30 కంప్యూటర్లున్న స్కూలు ల్యాబ్‌లో పిల్లలందరూ ఒకేసారి తెరిస్తే 7,200 మెగాబిట్లు కావాలి, అంటే 360 సెకన్లు, ఆరు నిమిషాలు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఆరు నిమిషాలు తెల్ల తెర చూస్తూ కూర్చున్న టీచరూ, ఇంట్లో పన్నెండు సెకన్లలో పని మొదలుపెట్టిన విద్యార్థీ ఒకే టూల్‌కు ఒకే ఊరి నుంచి వ్యతిరేక అభిప్రాయాలు రాస్తే ఆశ్చర్యం లేదు. ఒకసారి దిగిన ఫైళ్లను బ్రౌజర్ దాచుకుంటుంది కాబట్టి మర్నాడు ఈ ఆలస్యం ఉండదని తయారీదారులు చెబుతారు, అది నిజమే. కానీ చాలా ల్యాబ్‌లలో కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించగానే అంతా మొదటికి వచ్చేలా అమర్చి ఉంచుతారు. అక్కడ ప్రతి రోజూ మొదటి రోజే.

ఆటలో బొమ్మ వేగం సంగతి ఇంతకంటే విచిత్రం. తెర సెకనుకు ఎన్నిసార్లు కొత్త చిత్రం చూపిస్తుందో ఆ లెక్కను బట్టి బ్రౌజర్ ఆటను ముందుకు నడుపుతుంది; ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. అలిపిరి మెట్లెక్కే యాత్రికుని ఆట ఒకటి చేస్తున్న విద్యార్థి ‘ప్రతి ఫ్రేమ్‌కూ 5 పిక్సెళ్లు కదుపు’ అని రాశాడనుకుందాం. సెకనుకు 60 ఫ్రేములు చూపే మామూలు తెరపై యాత్రికుడు 300 పిక్సెళ్లు నడుస్తాడు. 120 ఫ్రేములు చూపే ఖరీదైన ఫోన్‌లో అదే యాత్రికుడు సెకనుకు 600 పిక్సెళ్ల చొప్పున పరుగెత్తి మెట్ల మీద నుంచి జారిపోతాడు. మోయలేక 30 ఫ్రేములకు పడిపోయిన పాత ల్యాప్‌టాప్‌లో 150 పిక్సెళ్లతో మోకాళ్ల పర్వతం దగ్గరే ఆగిపోయినట్టుంటాడు. ఒకరు ‘కంట్రోల్ కావడం లేదు’ అంటారు, మరొకరు ‘స్లో’ అంటారు. మూల కారణం ఒక్కటే.

వేగాన్ని ఫ్రేముతో కాక గడిచిన కాలంతో ముడిపెడితే ఈ చిక్కు ఉండదు. సెకనుకు 300 పిక్సెళ్లు కావాలంటే, 120 ఫ్రేముల తెరపై ఫ్రేముకు 2.5 పిక్సెళ్లు, 30 ఫ్రేముల యంత్రంపై ఫ్రేముకు 10 పిక్సెళ్లు కదపాలి. రెండుచోట్లా సెకను ముగిసేసరికి దూరం సమానం. ఈవెంట్ షీట్ టూల్స్‌లో సిద్ధంగా ఇచ్చే నడక, దూకడం వంటి బిహేవియర్లు సాధారణంగా ఇలాగే లెక్కిస్తాయి. సొంతంగా ‘5 కలుపు’ అని రాసుకున్నవారికే తంటా. దీనిని టూల్ లోపమనాలా, వాడుకరి పొరపాటనాలా? అనుభవజ్ఞులు రెండోదే అంటారు. కోడింగ్ తెలియనివారి కోసమని ప్రకటించుకున్న టూల్, కోడింగ్ తెలిసినవారికే తెలిసే ఈ సంగతిని వాడుకరికి వదిలేయడమే లోపమని నేర్పేవారు అంటారు. స్క్రాచ్ సాధారణంగా సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే స్థిరంగా నడవడం వల్ల ఈ తేడా చాలావరకు తప్పుతుంది, అయితే కదలిక నున్నగా లేదనే మరో ఫిర్యాదు అక్కడ మొదలవుతుంది. పులి-మేక కట్టినవారికి ఈ గొడవే లేదు. రెండు ఎత్తుల మధ్య ఆట ఎదురుచూస్తూ కూర్చుంటుంది, ఏ యంత్రంలోనైనా ఒకేలా ఉంటుంది.

మూడున్నరకు కాస్త తక్కువ

సగటు నక్షత్రాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఒక చిన్న లెక్క చాలు. పదిమందిలో ఆరుగురు ఐదేసి, నలుగురు ఒక్కొక్కటి ఇస్తే మొత్తం 34, సగటు 3.4. మరో టూల్‌కు ఆరుగురు మూడేసి, నలుగురు నాలుగేసి ఇచ్చినా మొత్తం 34, సగటు 3.4. మొదటిది కొందరికి అద్భుతం, కొందరికి తెరుచుకోనే లేదు; రెండోది అందరికీ ఓ మోస్తరు. పైగా తెరుచుకోనివారిలో చాలామంది అభిప్రాయం రాయకుండానే వెళ్లిపోతారు కాబట్టి మొదటి రకం టూల్ సగటు నిజానికి ఉండవలసినదానికంటే పైనే ఉండే అవకాశముంది.

తెలుగు అక్షరం దగ్గర తేలే నిజాలు

మన ప్రాంతం నుంచి వచ్చే ఫిర్యాదులలో ఇంగ్లీషు వాడుకరులకు ఎప్పుడూ ఎదురుకానిది ఒకటుంది: ‘తెలుగు సరిగ్గా రావడం లేదు.’ ఈ చిన్న వాక్యంలోనూ రెండు మూడు సమస్యలు కలిసిపోయి ఉంటాయి.

పదాలు ఊహించే ఆట ఒకటి కడుతున్నామనుకుందాం. ‘తిరుపతి’ అనే మాటకు ఎన్ని గళ్లు గీయాలి? పలక పట్టిన పిల్లవాడైనా తి, రు, ప, తి అని నాలుగంటాడు. టూల్‌లోని ‘పొడవు’ బ్లాకును అడిగితే అది 7 అని చెబుతుంది. కంప్యూటర్లు అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి వేర్వేరు సంకేతాలు కావడమే అందుకు కారణం. రెండో అక్షరం ఇమ్మంటే ‘రు’ రాదు. ఆధారం లేని గుడి ఒక చుక్కల వలయం మీద వేలాడుతూ వస్తుంది. ‘చిత్తూరు’ ఇంకా ఇబ్బంది: మనకు మూడు అక్షరాలు, యంత్రానికి చ, గుడి, త, పొల్లు, త, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము కలిపి 8. సంభాషణను ఒక్కో అక్షరంగా టైపు అవుతున్నట్టు చూపించే ఆటలలో ‘త్తూ’ ముందు ‘త’గా, తర్వాత ‘త్’గా, ఆపైన ఒత్తుతో, చివరికి దీర్ఘంతో గంతులు వేస్తుంది.

దీనికి తయారీదారుల వైపు నుంచి వినవలసిన వాదన ఉంది. జావాస్క్రిప్ట్ భాష పదాల పొడవును సంకేతాలలోనే లెక్కిస్తుంది. ఇప్పుడు ఆ బ్లాకు అర్థాన్ని మారిస్తే దానిపై ఆధారపడి ఇప్పటికే తయారైన ప్రాజెక్టులు చెడిపోతాయి. మనం ఒక్కో అక్షరంగా చూసేవాటిని లెక్కించే సౌకర్యం ఆధునిక బ్రౌజర్లలో వేరుగా ఉంది, ఫైర్‌ఫాక్స్‌లోకి అది 2024లో చేరింది. అది కూడా మన ఒత్తులను గుర్తించింది ఇటీవలే. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 వెర్షన్‌కు ముందు నిబంధనల ప్రకారం ‘చిత్తూరు’ చి, త్, తూ, రు అని నాలుగు ముక్కలయ్యేది. ఆ వెర్షన్ తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదని నిర్ణయించాక మూడయింది. కాబట్టి బ్రౌజర్ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి ఒకే ఆటలో ఒకే ఊరి పేరుకు గళ్ల సంఖ్య మారే అవకాశముంది. పాత బ్లాకును అలాగే ఉంచి కొత్త బ్లాకు ఒకటి పక్కన చేర్చడం ఇద్దరికీ సరిపడే మార్గంగా నాకు కనిపిస్తుంది.

మరో రకం ఫిర్యాదు అసలు వేరే పొరలోది. మామూలు అక్షర పెట్టెలో తెలుగు చక్కగా కనబడి, అలంకారంగా ఉండే స్ప్రైట్ ఫాంట్‌లో మాత్రం ఒత్తులు విడిపోతే, తప్పు బ్రౌజర్‌ది కాదు. స్ప్రైట్ ఫాంట్ అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న బొమ్మ వరుసగా అతికించే పద్ధతి. ఇరవై ఆరు అక్షరాలు పక్కపక్కన నిలబడే లిపికి అది సరిపోతుంది. పైన తలకట్టు, కింద ఒత్తు చేరే లిపికి ఆ పద్ధతే చాలదు.

పరిమితి, ధర, వాటి చుట్టూ వాదన

ఉచిత ఖాతాలో ఈవెంట్ల సంఖ్యకు హద్దు పెట్టడం ఈ రంగంలో ఉన్న ఆచారమే. హద్దు 50 అనుకుందాం. పులి-మేక కడుతున్న కొత్త విద్యార్థి 23 కూడళ్లనూ 23 వేర్వేరు వస్తువులుగా పెట్టి, మేకను ఉంచడానికి 23 ఈవెంట్లు, ఎంచుకున్న కూడలిని వెలిగించడానికి మరో 23 ఈవెంట్లు రాస్తాడు. 46 అయిపోయాయి, పులి ఇంకా కదలనే లేదు. ‘ఉచితం పేరుతో మోసం’ అనే అభిప్రాయం అప్పుడే పుడుతుంది. అనుభవం ఉన్నవారు ‘కూడలి’ అనే ఒకే వస్తువును తయారుచేసి దాని 23 నకళ్లను బల్లపై పెడతారు. పై రెండు పనులకూ చెరొక ఈవెంట్, మొత్తం 2. ఏ కూడలి నుంచి ఏ కూడలికి గీత ఉందో ఒక పట్టికలో రాసుకుంటారు. ఈ ఫిర్యాదులో హద్దు ఎంత తక్కువో కొంత, నకలు అనే భావనను పాఠాలు ఎంత ఆలస్యంగా చెబుతున్నాయో కొంత కలిసి ఉన్నాయి. అయితే దీన్నే పట్టుకుని హద్దు మీద వచ్చే ప్రతి ఫిర్యాదునూ తెలియనితనమనడం తప్పు. పులి మేకను దూకి చంపడం, వంతులు మారడం, దారులన్నీ మూసుకుపోయి పులులు కట్టుబడ్డాయో లేదో చూడడం, మెనూ, శబ్దాలు ఇవన్నీ కలిస్తే శ్రద్ధగా రాసినవారికీ 50 ఇరుకే.

ధర దగ్గర వాదన మరింత వేడెక్కుతుంది. కన్‌స్ట్రక్ట్ 2ను ఒకసారి కొనుక్కుంటే సరిపోయేది. కన్‌స్ట్రక్ట్ 3 చందా పద్ధతికి మారుతుందని తెలిసినప్పుడు పాత వాడుకరులలో చాలామంది అభ్యంతరం చెప్పారు. అంకెల్లో చూస్తే, ఒకసారి కొనేది 12,000 రూపాయలు, ఏడాది చందా 8,000 రూపాయలు అనుకుంటే ఏడాదిన్నర వాడకానికి రెండూ సమానం. వేసవిలో నేర్చుకుని వదిలేసేవారికి చందా చౌక; నాలుగేళ్ల డిగ్రీ అంతా వాడేవారికి 32,000 అవుతుంది. బ్రౌజర్లు కొన్ని వారాలకొకసారి మారుతుంటే వాటికి తగ్గట్టు టూల్‌ను నిరంతరం సవరించాలి కాబట్టి ఒక్కసారి వచ్చే డబ్బుతో అది సాగదని తయారీదారులు అంటారు. చందా ఆపిన రోజున తాము కట్టిన ఆటను తామే సవరించుకోలేని స్థితి రావచ్చన్నది వాడుకరుల భయం, డబ్బు దాని తర్వాతే. ఓపెన్‌సోర్స్ టూల్స్ ఈ భయాన్ని చాలావరకు తగ్గిస్తాయి, అయితే వాటి నిర్వాహకులూ ఆన్‌లైన్ సేవలకు ఎక్కడో ఒకచోట డబ్బు అడగక తప్పడం లేదు.

రాత్రికి రాత్రి మాయమైన ప్రాజెక్టు

‘నా ప్రాజెక్టును తినేసింది’ అన్న ఫిర్యాదులో కోపం ఎక్కువ, వివరం తక్కువ ఉంటాయి. పదిరోజుల పని పోయినవారి నుంచి వివరం ఆశించడమూ కష్టమే. బ్రౌజర్ టూల్‌లో ‘సేవ్’ అనే మాట మూడు చోట్లకు దారితీస్తుంది: ఆన్‌లైన్ ఖాతా, కంప్యూటర్‌లోని ఫైల్, లేదా బ్రౌజర్ తన లోపల ఉంచుకునే అర. మూడోదే ప్రమాదకరం. ఇన్‌కాగ్నిటో కిటికీ మూసినా, ల్యాబ్ సిబ్బంది బ్రౌజర్‌ను శుభ్రం చేసినా అది ఖాళీ అవుతుంది. ఆపిల్ సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచి, ఒక సైటును వాడుకరి ముట్టుకోకుండా ఏడు రోజుల పాటు బ్రౌజర్‌ను వాడితే ఆ సైటు దాచుకున్న సమాచారాన్ని తుడిచేస్తోంది. ప్రకటనల కంపెనీలు మన వెంట పడకుండా ఉండేందుకు తెచ్చిన నిబంధన అది. సెలవులకు ఊరెళ్లి వచ్చిన విద్యార్థి ఆట కూడా అందులో చిక్కుకుంటుంది. ఫైలుగా దాచడంలోనూ తేడాలున్నాయి. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో అనుమతి ఇస్తే పాత ఫైలు మీదే మళ్లీ రాయవచ్చు; ఫైర్‌ఫాక్స్‌లో సేవ్ నొక్కిన ప్రతిసారీ కొత్త ఫైలు డౌన్‌లోడ్ అయి, ఇరవై నకళ్లలో చివరిది ఏదో తెలియక పాతదాన్ని తెరిచి ‘మార్పులు పోయాయి’ అనుకునేవారు కొందరు.

శబ్దం ఆగిన వేసవి

వాడుకరుల మాట ఎక్కడి వరకు పనిచేస్తుందో చూపే ఉదంతం 2018లో జరిగింది. పేజీ తెరవగానే మోత మోగించే ప్రకటనలపై విసిగిన జనం ఫిర్యాదుల ఫలితంగా, ఆ ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66 వెర్షన్, వాడుకరి పేజీని తాకేదాకా శబ్దం రాకుండా కట్టడి చేసింది. మరుక్షణం నుంచి బ్రౌజర్ ఆటలు అనేకం మూగబోయాయి. ఆడేవారు ఆ ఆటలను, ఆటలు కట్టినవారు తమ టూల్‌ను అనుమానించారు. కొత్త ఆటలను సవరించుకోవచ్చు గానీ, తయారుచేసినవారు ఎప్పుడో వదిలేసిన పాత ఆటల మాటేమిటని ఆటల రూపకర్తలు గట్టిగా అడిగారు.

మే నెలలో గూగుల్ ఆటలు వాడే శబ్ద విధానం వరకు ఆ కట్టడిని తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. డిసెంబరులో, క్రోమ్ 71తో, మళ్లీ తెచ్చింది. కాకపోతే ఈసారి వాడుకరి పేజీని ఒకసారి తాకిన తర్వాత ఆట శబ్దం మొదలుపెట్టడానికి ప్రయత్నిస్తే అది దానంతటదే తెరుచుకునేలా మార్చింది. అంటే ప్రకటనలపై ఫిర్యాదు చేసినవారి మాటా, ఆటలు కట్టేవారి మాటా రెండూ కొంతకొంత నెగ్గాయి. కట్టడి ఇప్పటికీ ఉంది. పులి-మేకను ఈరోజు ఏ టూల్‌లో కట్టినా, మొదటి తెరలో సంగీతం లేకుండా ‘ఆట మొదలుపెట్టు’ అనే బొత్తం ఒక్కటే పెట్టి, దాన్ని నొక్కాకనే మేకల అరుపు వినిపించేలా చేయడం అందుకే.